పాలకు వేసిన రంగు

మా స్టూడియో ఎదురుగా, రోడ్డుకు అవతల, మేడ గోడ నిండా మా తోడికోడలి కొడుకు నవ్వుతూ ఉంటాడు. వాడి ఒక్క బుగ్గే మా వంటింటి కిటికీ అంత ఉంటుంది. రెండు చేతులా పట్టుకున్న పాలసీసా, సీసాలో మీగడ రంగు తేలిన చిక్కటి పాలు, పక్కనే పాలపొడి డబ్బా. కింద "అమ్మ ప్రేమకు తోడు" అని పెద్ద అక్షరాలు. పొద్దున్నే షట్టరు ఎత్తితే మొదట కనబడేది వాడే, సాయంత్రం షట్టరు దించేటప్పుడు ఆఖరున కనబడేదీ వాడే. దానికన్నా ఎవరైనా వచ్చి నా కళ్ళల్లో ఇంత కారం కొట్టి పోయినా బాగుండేది.

మాది ఇంటి వ్యాపారం. మరిది ఫొటోలు తీస్తాడు, మా ఆయన ఫ్రేములు కడతాడు, నేను కంప్యూటర్ ముందు కూర్చుని ఆ ఫొటోలను చక్కదిద్దుతాను. పెళ్ళికూతుళ్ళ మొటిమలు, ముసలాయనల కళ్ళ కింద గుంటలు, పాస్‌పోర్టు ఫొటోల్లో రేగిన జుట్టు, అన్నీ నా చేతిమీదుగా సర్దుకునేవే. కింద స్టూడియో, పైన ఇల్లు. పైన ఒకవైపు గదులు మావి, ఇంకోవైపువి వాళ్ళవి, మధ్యలో వంటిల్లు, వంటింట్లో మా అత్తయ్య.

నా తోడికోడలికి అసలు పేరు ఉందన్న సంగతే అందరూ మరిచిపోయారు. అత్తయ్య పెట్టిన ముద్దుపేరు బంగారం. కాపురానికి వచ్చిన కొత్తలోనే పెట్టేసింది. నేను అంతకు ఎన్నో ఏళ్ళ ముందే ఆ ఇంట్లో అడుగుపెట్టాను. నన్ను ఇప్పటికీ "ఇదిగో" అనే పిలుస్తుంది. మరిది బంగారం అంటాడు, మా ఆయన కూడా నోరు తిరగక కాదు గాని, బంగారమనే అంటాడు. నేను మాత్రం ఆ పేరుతో ఎదురుగా ఒక్కసారి కూడా పిలవలేదు. అవసరమైతే గిన్నె చప్పుడు చేస్తాను, ఆవిడే తిరిగి చూస్తుంది.

ఇద్దరం ఒకే ఏడాది కడుపుతో ఉన్నాం. ఆవిడ ముందు కనింది. అప్పుడు ఇల్లంతా ఆవిడ మంచం చుట్టూ తిరిగింది. వేడినీళ్ళు నేను కాచాను, బట్టలు నేను ఉతికాను, నా పొట్ట ముందుకు పొడుచుకొస్తున్నా పళ్ళెం తీసుకెళ్ళి ఆవిడ చేతికి నేనే అందించాను. ఆవిడకు మంచం దిగే పనే లేదు. కొడుకును రొమ్మున వేసుకుని పడుకోవడమే పని. వాడు చూస్తుండగానే బుగ్గలు, మెడ మడతలు, మోచేతుల దగ్గర గుంటలు పెట్టుకుని తయారయ్యాడు. అత్తయ్య వాడికి బొద్దుగాడని పేరు పెట్టింది. పేర్లు పెట్టడంలో ఆవిడకు తిరుగులేదు.

ఆ బొద్దుగాడి మీద డబ్బా మేనేజరు కళ్ళు పడ్డాయి. పాలపొడి కంపెనీ మనిషి ఆయన. ఎప్పుడు చూసినా ఇస్త్రీ మడత నలగని చొక్కా, మెడలో టై, నోట్లో తేనె. డబ్బాల ఫొటోలు తీయించుకోవడానికి వచ్చినవాడు బొద్దుగాడిని చూసి, "ఈ బాబు మాకు కావాలండీ" అన్నాడు. మా మరిది గాల్లో తేలిపోయాడు. ఫొటో తీసిన రోజు నేను ఆసుపత్రిలో పరీక్షలకు వెళ్ళాను. తిరిగొచ్చేసరికి లైట్లు ఆర్పేశారు, బొద్దుగాడు నిద్రపోతున్నాడు, ఫొటో మాత్రం నా కంప్యూటర్‌లోకి వచ్చి కూర్చుంది.

ఇక చూడండి నా బతుకు. తోడికోడలి కొడుకు ముఖాన్ని తెర నిండా పెద్దది చేసుకుని, వాడి గడ్డం మీద చొంగ నేను తుడవాలి, వాడి నుదుటి మీద దోమకాటు నేను మాన్పాలి. పక్కన కుర్చీ వేసుకుని డబ్బా మేనేజరు కూర్చున్నాడు. "పాలు పలచగా ఉన్నాయేంటండీ, నీళ్ళలా? కాస్త చిక్కగా చేయండి. చూస్తే తల్లి మనసు నిండాలి" అన్నాడు. నిజమే, సీసాలో పాలు పలచగా, ఓ మూల నీలంగా కూడా ఉన్నాయి. మా మరిది పొడి తక్కువ కలిపి ఉంటాడనుకున్నాను, వాడికి చెయ్యి బిగువు. డబ్బా మీద బొమ్మలో ఉన్న మీగడ రంగు తీసుకొచ్చి సీసాలో నింపాను. అంచున చిన్న మెరుపు పెట్టాను. అసూయ ఎంత ఉన్నా పనిలో వంక పెట్టనివ్వను. నా పని చూసుకుని నాకే ముచ్చటేసింది.

తర్వాత నేను కన్నాను. ఆడపిల్ల. పుట్టినప్పుడు బరువు సరిగ్గానే ఉందన్నారు, కాని బొద్దుగాడి పక్కన పడుకోబెడితే ఏ పిల్లయినా ఏం కనబడుతుంది? అత్తయ్య చూసి, "పిచ్చుకలా ఉందే" అంది. ప్రేమగానే అంది. అదే పేరై కూర్చుంది. పిచ్చుక అని ఎవరు పిలిచినా నా గుండెలో ఎవరో గిల్లినట్టుండేది.

నా రోజులు వచ్చేసరికి ఇంట్లో వాళ్ళందరికీ చేతి నిండా పని. స్కూళ్ళ గ్రూపు ఫొటోల కాలం. అత్తయ్యకు మోకాళ్ళ నొప్పి, మా ఆయనకు ఫ్రేములు, మరిదికి ఊపిరి సలపని స్కూళ్ళు. నేను పచ్చి బాలింతనైనా, పిల్లను పక్కన ఉయ్యాల తొట్టెలో వేసుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. వరసకు ముప్పై మంది పిల్లలు, కళ్ళు మూసినవాడికి కళ్ళు తెరిపించాలి, నాలుక చాపినవాడి నాలుక లోపల పెట్టాలి. పిచ్చుక ఏడిస్తే రొమ్ము నోట్లో పెట్టి, రెండో చేత్తో మౌస్ కదిపేదాన్ని. అది కాసేపు చప్పరించి, పట్టు జారి, మళ్ళీ ఏడ్చేది. మళ్ళీ పెట్టేదాన్ని. మళ్ళీ ఏడ్చేది.

ఒకరోజు విసుగొచ్చి గాజుగ్లాసులోకి కొంచెం పిండి, కిటికీ దగ్గర వెలుతురుకు పెట్టి చూశాను. పలచగా ఉన్నాయి. ఓ మూల నీలంగా కూడా ఉన్నాయి. గ్లాసు వెనకాల, రోడ్డుకు అవతల, గోడ నిండా బొద్దుగాడు. వాడి సీసాలో ఎంత చిక్కటి పాలు. నా గ్లాసులో ఏముంది, బియ్యం కడిగిన నీళ్ళు. నా పిల్ల పిచ్చుకలా ఉండక ఏమవుతుంది? నాకు ఏడుపొచ్చింది. ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. ఆ గోడ మీద పాలకు రంగు వేసింది నేనే. అయినా ఆ క్షణంలో ఆ ముక్క నాకు గుర్తుకు రాలేదు. గుర్తొచ్చినా నమ్మేదాన్ని కాదేమో, ఆ గోడ అంత పెద్దది మరి.

ఇంకొక సంగతి కూడా అప్పుడే తట్టింది. బొద్దుగాడు ఫొటోలో సీసా పట్టుకున్నాడంటే వాడికి అలవాటు ఉన్నట్టే కదా. అంటే ఈ నంగనాచి గదిలో గుట్టుగా డబ్బా పాలు పడుతూ, బయటికి వచ్చి అందరి ముందూ తల్లిపాలని కబుర్లు చెబుతోందన్నమాట. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ వారంలోనే డబ్బా మేనేజరు వచ్చి, "ఫొటో అంత అందంగా చేశారు, ఇది మా కంపెనీ తరపున" అని ఒక డబ్బా నా చేతిలో పెట్టాడు. నేను వద్దనలేదు. మా ఆయన, "పోనీలే, నీకూ కాస్త తెరిపి" అన్నాడు.

పిచ్చుక సీసా గటగటా తాగేసింది. తాగి నిద్రపోయింది. ఆ నిద్ర చూసి నేను పొంగిపోయాను. రెండో డబ్బా కొనుక్కోవలసి వచ్చింది. మూడో డబ్బా నాటికి పిల్ల రొమ్ము దగ్గరికి తీసుకుంటే చాలు, విల్లులా వెనక్కి విరుచుకుని, నేనేదో విషం పెడుతున్నట్టు అరిచేది. సీసాలో అయితే ఊరికే కారతాయి, ఇక్కడ కష్టపడాలి కదా. అది తాగడం తగ్గించేకొద్దీ నాకు పాలు పడటం కూడా తగ్గింది. పొద్దున్నే రాళ్ళలా బిగిసే రొమ్ములు మెత్తగా, ఖాళీ సంచుల్లా అయిపోయాయి.

సరిగ్గా అప్పుడే వంటింట్లో బంగారం బొద్దుగాడికి పాలిస్తూ కూర్చునేది. వాడి గుటకలు మా గదిలోకి వినబడేవి. గుటుక్, గుటుక్, మధ్యలో ఒక నిట్టూర్పు, మళ్ళీ గుటుక్. ఆవిడ ఒక చేత్తో వాడిని పట్టుకుని రెండో చేత్తో అత్తయ్యకు కూర గిన్నె అందించేది, నవ్వుతూ కబుర్లు చెప్పేది. నేను తలుపు వేసేసుకునేదాన్ని. తలుపు వేసినా వినబడేది. నా పిల్ల నా దగ్గర అలా ఒక్క గుటక వేస్తే చాలు, నాకు ఇంకేమీ వద్దనిపించేది. ఆ మాట పైకి అనలేక అందరి మీదా చిర్రుబుర్రులాడేదాన్ని.

అలాంటి రోజుల్లో డబ్బా మేనేజరు మళ్ళీ దిగాడు. కంపెనీ కొత్త డబ్బా తెస్తోందట, ఇంకా చిన్న పిల్లల కోసం. ఒక పాపాయి కావాలట. నేను అప్పుడు పిచ్చుకకు సీసా పడుతున్నాను. ఆయన వంగి చూసి, "ఎంత ముద్దుగా తాగుతోందండీ. మాకు ఈ పాపే కావాలి" అన్నాడు.

ఆ మాట విన్నాక నేను నేల మీద నడవలేదు. బొద్దుగాడిని దించేసి ఆ గోడ మీదికి నా పిచ్చుకను ఎక్కిస్తారు. షట్టరు ఎత్తగానే బంగారం చూడాలి, దించేటప్పుడు కూడా చూడాలి. అత్తయ్య నన్ను "ఇదిగో" అనకుండా ఏమంటుందో కూడా ఊహించుకున్నాను. ఆ సాయంత్రం వంటింట్లోకి కావాలనే వెళ్ళి, గిన్నెలు అవసరం లేకపోయినా సర్దుతూ, "మా దాన్ని అడిగారు, పోస్టరుకి" అన్నాను, గాలితో చెప్పినట్టు.

బంగారం బొద్దుగాడిని చంకలోంచి దించి నేల మీద వదిలింది. "అక్కా, నీకు కోపం వచ్చినా సరే ఒక మాట చెప్తాను. సీసా కాస్త తగ్గించు. పిల్ల నీ దగ్గరకు రావడం మానేస్తోంది. ఇంకొన్నాళ్ళు పోతే నీకు పూర్తిగా ఇంకిపోతాయి."

"ఓహో. నీ కొడుకు సీసా పట్టుకుని గోడెక్కొచ్చు, నా కూతురు ఎక్కకూడదు."

"దాని గురించి కాదక్కా."

"మరి దేని గురించి? గదిలో తలుపేసుకుని నువ్వు కలిపి పట్టే డబ్బాల గురించి నేనెప్పుడైనా అడిగానా? చిక్కటి పాలు నీ కొడుక్కి, నీతులు నాకా?"

బంగారం నా ముఖం వంక చూసింది. "ఏ డబ్బాలు? వాడు సీసా పట్టుకుంది ఆ ఒక్క రోజే. ఆ రోజు కూడా పొడిపాలు నోట్లో పోస్తే ఊసేశాడు. లైట్ల వేడి ఒకటి, ఆకలి ఒకటి, నానా రభస చేశాడు. మేనేజరు బయట ఫోను మాట్లాడుతున్నాడు. నేను తెర వెనక్కి వెళ్ళి నావే పిండి సీసాలో పోశాను. అవి తాగాడు. గోడ మీద సీసాలో ఉన్నవి నా పాలక్కా."

"అబద్ధం. అవి మీగడ రంగులో ఉన్నాయి."

"ఆ రంగు వేసింది నువ్వే కదా."

చేతిలో గరిటె అలాగే పట్టుకుని కిందికి దిగి, కంప్యూటర్ పెట్టి, నా చెయ్యి పడని అసలు ఫొటో తెరిచాను. సీసా మీదికి పెద్దది చేశాను. పలచటి పాలు, ఓ మూల నీలం. నా గాజుగ్లాసులో చూసిన నీలమే. ఏ తేడా లేదు. మొటిమా మచ్చా వెతికి పట్టుకునే కళ్ళు నావి, అలాంటి కళ్ళకు నా చేత్తో నేనే గంతలు కట్టుకున్నాను. ఆవిడ పాలను చిక్కగా చేసింది నేను, వాటిని చూసి నావి నీళ్ళనుకున్నదీ నేనే, నా పిల్ల నోట్లోంచి వాటిని లాగేసుకున్నదీ నేనే. గరిటె బల్ల మీద పెట్టి, తల పట్టుకుని, బావురుమని ఏడ్చాను.

బంగారం వెనకాలే వచ్చి నిలబడింది. అదొకటి. మనిషి ఏడుస్తుంటే చూడటానికి కూడా ఆవిడే రావాలా? "ముందే ఎందుకు చెప్పలేదు?" అని కసిరాను.

"నువ్వు నాతో మాట్లాడితే కదా" అంది.

గరిటె తీసుకుని పైకి వెళ్ళిపోయాను.

మర్నాడు పిల్లను తీసుకుని ఆసుపత్రికి వెళ్ళాను. అక్కడి నర్సు బరువు చూసి, డబ్బా ఒక్కసారిగా ఆపొద్దంది, ముందు రొమ్ము ఇచ్చి తర్వాతే సీసా ఇమ్మంది, పిల్ల తాగేకొద్దీ పడతాయి, వారం వారం బరువు చూపిస్తూ కొంచెం కొంచెంగా తగ్గించుకుందాం అంది. చెప్పడం తేలికే. ఇంటికి వచ్చి చేయాల్సింది నేను. పిల్ల ఆకలితో ఎర్రబడి అరుస్తుంటే, అటు స్కూలు ఫొటోలు గుట్టగా పడి ఉంటే, ఎంతసేపని కూర్చుంటాను?

"లే అక్కా, ఆ కుర్చీలో నేను కూర్చుంటాను" అని బంగారం నన్ను కంప్యూటర్ ముందు నుంచి లేపింది. ఆవిడకు మౌస్ పట్టుకోవడమే రాదు. చూపించినంత చూపించాను. మొదటి రోజే ఒక హెడ్‌మాస్టరు ముఖం ఎంత నున్నగా చేసిందంటే, ఆయన తన స్కూల్లో తనే చదువుకుంటున్నట్టు తయారయ్యాడు. మా మరిది నెత్తి కొట్టుకున్నాడు. "ఆయన సంతోషించి ఇంకో కాపీ అడుగుతాడు చూడు" అంది ఆవిడ. నిజంగానే అడిగాడు. ఆవిడకు అన్నీ అలాగే కలిసొస్తాయి.

మధ్యమధ్యలో లేచి వచ్చి నా ముందు కూర్చునేది. "అరిచేటప్పుడు పెట్టకు. నిద్రలోంచి లేస్తూ పెదాలు కదుపుతుందే, అప్పుడు తీసుకో. పొట్టకు పొట్ట ఆనాలి. నువ్వు దాని మీదికి వంగకు, దాన్ని నీ దగ్గరికి తెచ్చుకో. నోరు బాగా తెరిచేదాకా ఆగు." నా పిల్లను నా రొమ్ముకు ఎలా పట్టించాలో నా తర్వాత ఈ ఇంటికి వచ్చిన మనిషి నాకు నేర్పుతుంటే నాకెలా ఉంటుందో ఊహించుకోండి. పళ్ళు కొరుక్కుంటూ విన్నాను. విన్నది విన్నట్టు చేశాను. ఎందుకంటే ఆవిడ చెప్పినట్టు చేసిన ప్రతిసారీ పిచ్చుక ఇంకొంచెం సేపు ఉండేది.

అత్తయ్య కూడా ఒకసారి గుమ్మంలో నిలబడి చూసి, "ఇదిగో, ఆ బట్టలు అలా వదిలెయ్, నేను చూస్తాను" అంది. మోకాళ్ళ నొప్పితోనే బకెట్టు ఎత్తుకుపోయింది. బంగారం పురిటికి నేను చేసినదంతా నాకు ఇప్పటికి తిరిగి రావడం మొదలైంది. పని ఎత్తుకునే మనుషులుంటే పాలు పడతాయని ఏ డబ్బా మీదా రాయరు.

సీసాలు తగ్గుతున్నాయి. కాని గుటకలు వినబడటం లేదు. పిచ్చుక పట్టుకుంటుంది, చప్పరిస్తుంది, అలిసిపోయి వదిలేస్తుంది. పక్క గదిలో బొద్దుగాడు మాత్రం ఎప్పటిలాగే గుటుక్, గుటుక్. మంచి చేస్తున్న మనిషి మీద ఈర్ష్య పడకూడదని తెలుసు. తెలిస్తే పోతుందా?

ఫొటో రోజు దగ్గరికి వచ్చింది. నేను వద్దని చెప్పలేదు. చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను, షట్టరు ఎత్తినప్పుడల్లా మానుకున్నాను. ఒక్కసారికి ఏమవుతుంది? గోడ మీద నా పిల్ల. అయితే ఒక పట్టు పట్టాను. సీసాలో పొడిపాలు పోయను, బంగారం లాగే నావే పోస్తాను. ఆవిడ చేయగా లేనిది నేను చేయలేనా? తెల్లవారిన దగ్గర నుంచి కాస్త కాస్త పిండి పోగుచేశాను. సీసాలో సగం కూడా రాలేదు. ఆ సగానికే నా తల ప్రాణం తోకకు వచ్చింది. బంగారం చూసి, "అవి దానికే పడితే బాగుండేది కదక్కా" అంది. "నీకేం, నీ కొడుకు ఎప్పుడో గోడెక్కాడు" అన్నాను.

కింద తెల్ల తెర దించారు. మరిది లైట్లు సరిచేశాడు. మా ఆయన ఫ్రేముల పని ఆపి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అత్తయ్య మెత్తటి కుర్చీ తెప్పించుకుని ముందు వరసలో కూర్చుంది. బంగారం ఒక చంకలో బొద్దుగాడితో, రెండో చేత్తో వెలుతురు తిప్పే వెండి రంగు అట్ట పట్టుకుని నిలబడింది. పిల్ల ఆకలి మీద ఉంటేనే బాగా తాగుతుందని డబ్బా మేనేజరు ముందే చెప్పాడు, అందుకని పిచ్చుకకు ఏమీ పట్టలేదు. అది నా ఒళ్ళో మెలికలు తిరుగుతూ సన్నగా ఏడుస్తోంది. ఏడుపు వింటుంటే నా రొమ్ముల్లో ఏదో జివ్వుమంది. ఎన్నాళ్ళగానో లేనిది, పాలు చేపుకొచ్చాయి. బట్ట తడిసింది. పైన ఒక తువ్వాలు కప్పుకుని సీసా అందుకున్నాను.

డబ్బా మేనేజరు నా చేతిలోంచి సీసా తీసుకుని లైటు ముందు పెట్టి చూశాడు. ముఖం చిట్లించాడు. "ఇదేంటండీ, ఇవీ పలచగా ఉన్నాయి, నీళ్ళలా? పొడి తక్కువేశారా? ఫరవాలేదు లెండి. పోయినసారిలా తర్వాత మీరే చిక్కగా చేసేద్దురుగాని. చూస్తే తల్లి మనసు నిండాలి."

నీళ్ళట. తెల్లవారి నుంచి నడుం పడిపోయేలా కూర్చుని పోగుచేసినవి నీళ్ళట. నా ఒంట్లోని కోపమంతా ఒక్కసారిగా మాడుకెక్కింది. ఆ కోపంలోనే ఇంకొకటి కూడా కనబడింది. రేపు ఇదే సీసాకు నేనే మీగడ రంగు వేస్తాను. ఎక్కడో ఎవరో ఒక పచ్చి బాలింత గోడ మీద నా పాలు చూసి, గ్లాసులో తన పాలు చూసుకుని, తన పిల్ల నోట్లోంచి లాగేసుకుంటుంది.

"అవి నీళ్ళు కావు, నా పాలు" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. "ఏమిటండీ?"

"నా పాలండీ. పాలు అలాగే ఉంటాయి. ఎదురుగా గోడ మీద మీరు ఎక్కించిన సీసాలో ఉన్నవి కూడా ఈవిడ పాలే. మీ పొడి వాడు ఊసేశాడు. రంగు వేసింది నేను. ఇంక వేయను."

డబ్బా మేనేజరు మా మరిది వంక చూశాడు, మరిది కెమెరాలోకి చూశాడు, మా ఆయన తన చెప్పుల వంక చూసుకున్నాడు. నేను సీసాను పక్కనున్న పొట్టి స్టూలు మీద పెట్టేసి, పిచ్చుకను ఎత్తుకుని తెల్ల తెర వెనక్కి వెళ్ళిపోయాను. అక్కడ పాత ఫ్రేముల మధ్య ఒక చెక్కపెట్టె మీద కూర్చున్నాను. గోడ పోయింది. నా చేతులారా పోగొట్టుకున్నాను. ఆ బాధ ఉంది, లేదనను.

పొట్టకు పొట్ట ఆనించాను. వంగలేదు, దాన్నే దగ్గరికి తెచ్చుకున్నాను. నోరు బాగా తెరిచేదాకా ఆగాను. పట్టుకుంది. రెండుసార్లు చప్పరించింది, ఆగింది. ఇంకేముంది, వదిలేస్తుందనుకుని ఊపిరి బిగబట్టాను. వదల్లేదు.

గుటుక్.

నేను సరిగ్గా విన్నానో లేదో అనుకున్నాను. మళ్ళీ వినబడింది. మళ్ళీ. మధ్యలో చిన్న నిట్టూర్పు, మళ్ళీ గుటుక్. పిచ్చుకంత మనిషి, అంత చప్పుడు ఎక్కణ్ణుంచి వచ్చిందో. తెర అవతల అందరికీ వినబడి ఉంటుంది. నా కళ్ళ నీళ్ళు దాని చెవి మీద పడుతుంటే తుడుచుకోవడానికి కూడా నేను కదల్లేదు.

"ఇదిగో, తాగుతోందా?" అని అత్తయ్య అవతల నుంచి అడిగింది.

"తాగుతోంది అత్తయ్యా" అన్నాను.

డబ్బా మేనేజరు, ఈ మాట ఇక్కడితో ఆపేద్దామని మరిదితో గుసగుసలాడి, వేరే పాపను చూసుకుంటానని చెప్పి, పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు. షట్టరు దగ్గర ఆయన బూట్ల చప్పుడు వినబడి ఆగిపోయింది. తర్వాత అత్తయ్య పకపకా నవ్వడం మొదలుపెట్టింది. ఏమైందా అని తెర అంచు కొంచెం పక్కకు జరిపి చూశాను.

బంగారం చంకలోంచి ఎప్పుడు జారాడో, బొద్దుగాడు పాక్కుంటూ వెళ్ళి స్టూలు పట్టుకుని నిలబడ్డాడు. నా సీసా రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు, అచ్చం గోడ మీద పట్టుకున్నట్టే. పొడిపాలు ఊసేసిన ఆ మహానుభావుడు, కళ్ళు మూసుకుని, కాలి వేళ్ళు ముడుచుకుని, నా పాలు గుటకలు వేస్తున్నాడు. బంగారం వెళ్ళి, "చాల్లేరా, ఇటివ్వు" అని సీసా లాగబోయింది. వాడు ఇవ్వలేదు. గుర్రుమన్నాడు.

"ఎంత ఇష్టంగా తాగుతున్నాడో చూడవే, నీ దగ్గర కూడా ఇలా తాగడు" అంది అత్తయ్య.

బంగారం నవ్వింది గాని, నవ్వే ముందు మూతి ఒక్క పిసరు బిగిసింది. కనుబొమలు దగ్గరికొచ్చాయి. అంత చిన్న మార్పును పట్టుకోవడమే నా వృత్తి. ఆ ముఖం నాకు బాగా తెలుసు, ఇన్నాళ్ళూ నేను మోసిన ముఖమే. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. అంతలోనే ఆవిడ మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

"పోనీ, తాగనీ బంగారం" అన్నాను. "నావి పలచనే కదా, తొందరగా అరుగుతాయి."